ఒత్తు కుర్రాడు, బసూన్ పెట్టె

మా పిన్ని కొడుకు ఇచ్ఛాపురంలో ఉంటాడు. మా బరంపురంలో రైలెక్కితే అరగంటలో వాళ్ళ ఊరు. అప్పట్లో వాడు జర్మనీ వెళ్ళాలంటే వీసా కోసం మద్రాసు పోవాల్సొచ్చేది, నేను వెళ్ళాలంటే కలకత్తా. మధ్యలో ఉన్నదల్లా రాష్ట్రాల సరిహద్దు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మేమూ మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్ళమే. ఆ రోజు గీసిన గీత వల్లే నువ్వు అటు పోయావురా అని మా బావ వేళాకోళం చేస్తుంటాడు. అందులో నిజం లేకపోలేదు. ఇచ్ఛాపురంలో పుట్టి ఉంటే విజయనగరం సంగీత కళాశాలకి వెళ్ళి, ఈపాటికి ఏ గుడిలోనో మేళంలో ఉండేవాణ్ణి. బరంపురం వాళ్ళం కాబట్టి పని వెతుక్కుంటూ హౌరా బండి ఎక్కాను. అక్కడ బసూన్ తగిలింది. ఆ తర్వాత ఇరవయ్యేళ్ళకు పైగా దాన్ని భుజాన వేసుకుని దేశాలు తిరిగాను.

బసూన్ అంటే ఏమిటని మా వీధిలో అడిగితే సన్నాయికి పెదనాన్న అని చెప్తాను. మేపుల్ చెక్కతో చేస్తారు. నిలబెడితే నా ఛాతీ దాకా వస్తుంది. లోపలి గొట్టం పొడవు మాత్రం రెండున్నర మీటర్లు, అడుగున మడిచి మళ్ళీ పైకి తీసుకొస్తారు. నాలుగు ముక్కలుగా విడదీసి పెట్టెలో పెట్టుకోవచ్చు. ఎడమచేతి బొటనవేలు ఒక్కదానికే తొమ్మిదో పదో మీటలుంటాయి. మిగతా ఏ వాద్యమూ బొటనవేలిని ఇంత హింస పెట్టదని నా నమ్మకం. వంపు తిరిగిన సన్నటి లోహపు గొట్టం చివర రెండు రేకుల పీక. ఆ పీక చూసే నేను బసూన్‌కి పడిపోయాను. అది మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే, కాస్త పెద్దదంతే.

మా తాత సన్నాయి, చిన్నాన్న డోలు. నాన్న మాత్రం సన్నాయి వదిలేసి క్లారినెట్ పట్టుకుని పెళ్ళి బ్యాండులో చేరిపోయాడు. ఎర్రకోటు, బంగారు గుండీలు, తలమీద టోపీ. ఆ కోటు విషయంలో తాతకీ నాన్నకీ చాలాకాలం మాటల్లేవు. నన్ను మాత్రం తాత వదల్లేదు. మేళంలో అందరికన్నా చిన్నవాడికీ, ఇంకేమీ రానివాడికీ ఇచ్చేది ఒత్తు. చూడటానికి సన్నాయిలాగే ఉంటుంది గానీ దాని మీద రాగం వాయించేదేమీ ఉండదు. ఒకటే శ్రుతి, మేళం మొదలైన దగ్గర్నుంచి ఆగేదాకా. పెళ్ళివారు మధ్యలో కాఫీలు తాగుతారు, పురోహితుడు గొంతు సవరించుకుంటాడు, తాత కూడా పల్లవికీ అనుపల్లవికీ మధ్య ఊపిరి తీసుకుంటాడు. ఒత్తు పట్టినవాడికి మాత్రం ఆగే హక్కు లేదు.

మరి ఊపిరో? దానికొక కిటుకుంది. బుగ్గల్లో కొంత గాలి దాచుకోవాలి. ఛాతీలో గాలి అయిపోతోందనగా బుగ్గల్లోది పీకలోకి తోస్తూ, అదే క్షణంలో ముక్కుతో కొత్త గాలి పీల్చుకోవాలి. చెప్పడం తేలికే. నేర్పడానికి తాత బొప్పాయి కాడ తెచ్చి, నీళ్ళ గ్లాసులో ముంచి ఊదమనేవాడు. బుడగలు ఆగకూడదు. ఆగితే మళ్ళీ మొదటి నుంచి. మా అమ్మ వంటింట్లోంచి చూసి "పిల్లాడి బుగ్గలు ఊడిపోతాయి మావయ్యా" అనేది. ఎన్నాళ్ళు పట్టిందో గుర్తులేదు గానీ, ఒకరోజు బుడగలు ఆగలేదు. తాత శభాష్ అన్లేదు. "రేపు గిరి రోడ్డులో పెళ్ళి ఉంది, తెల్లచొక్కా ఉతికించుకో" అన్నాడు.

"సన్నాయి తప్పితే వాయించినోడికే నామోషీరా. ఒత్తు తెగితే మేళం మొత్తానికి నామోషీ" అనేవాడు. అన్నాడే గానీ డబ్బులు పంచేటప్పుడు మాత్రం ఒత్తువాడిది ఆఖరి వాటా. నాకు రూపాయలకన్నా అరటిపళ్ళే ఎక్కువ ముట్టాయి.

రెండేళ్ళకోసారి వచ్చే బుడి ఠాకురాణి యాత్ర మా ఊరికి పెద్ద పండగ. రాత్రిళ్ళు అమ్మవారి ఘటాలు వీధుల్లో తిరుగుతాయి. ఒళ్ళంతా చారలు పూసుకున్న పులివేషాల వాళ్ళు డప్పులకి గంతులేస్తుంటారు. ఒడియా మేళాల వాళ్ళ మహురి అప్పుడే దగ్గరగా విన్నాను. అదీ రెండు రేకుల పీకదే, సన్నాయికన్నా గొంతు పదును. మహురి వాయించే ఒకాయన్ని మేమంతా మౌసా అనేవాళ్ళం. మౌసాకి తెలుగు బాగా వచ్చు, తాతకి ఒడియా బాగా వచ్చు, ఇద్దరూ తిట్టుకోవాల్సి వస్తే మాత్రం హిందీలో తిట్టుకునేవారు. రెండు భాషల మర్యాదా నిలిచేదన్నమాట. పీకలకి గడ్డి దొరకనప్పుడు ఒకరి దగ్గర ఒకరు అప్పు తీసుకునేవారు. నానబెట్టడం, కోయడం, దారం చుట్టడం, పెదాల మధ్య పెట్టి కూత చూసుకోవడం, నచ్చకపోతే పారేయడం. మా ఇంటి అరుగు మీద ఎప్పుడూ పారేసిన పీకలుండేవి.

కలకత్తాకి నేను వెళ్ళింది క్లారినెట్‌తో. మహాత్మా గాంధీ రోడ్డు మీద వరసగా బ్యాండు దుకాణాలుంటాయి. నాన్న స్నేహితుడు ఒకాయన అక్కడ ఒక బ్యాండులో పెట్టించాడు. పెళ్ళిళ్ళ సీజను అయిపోయాక ఖాళీ. ఆ ఖాళీలో పాశ్చాత్య స్వరలిపి నేర్చుకుందామని ఒక సంగీత పాఠశాలకి వెళ్ళేవాణ్ణి. అక్కడి బీరువాలో ఒక పాత బసూన్ ఉంది. వాయించేవాళ్ళు లేక ఏళ్ళ తరబడి అలాగే పడి ఉంది. తోలుమెత్తలు ఎండిపోయాయి, ఒక మీటకి స్ప్రింగు లేదు. మా ఆంగ్లో ఇండియన్ మాస్టారు దాన్ని బయటకు తీసి, పీక చూపించి, "ఇది ఊదగలవా" అన్నారు. ఊదాను. శబ్దం గేదె అరుపులా వచ్చిందని తోటివాళ్ళు నవ్వారు. మాస్టారు నవ్వలేదు. శబ్దం ఎంతసేపు నిలబడిందో ఆయన గమనించారు.

తర్వాత కథ త్వరగా చెప్పేస్తాను. జర్మనీ నుంచి వచ్చిన ఒక బసూన్ కళాకారుడు వారం పాటు పాఠాలు చెప్పాడు. ప్రవేశ పరీక్షకి రమ్మన్నాడు. అప్పట్లో అక్కడి ప్రభుత్వ సంగీత కళాశాలల్లో ఫీజు పెద్దగా ఉండేది కాదు, బతుకుతెరువే కష్టం. అమ్మ గాజులు, చిన్నాన్న అప్పు, బ్యాండు ఓనరు ఇచ్చిన కోటు (ఎర్రది కాదు, నల్లది). వెళ్ళాను.

అక్కడ మొదటి ఏడాది నేను అందరికన్నా వెనకబడి ఉన్నాను. స్వరలిపి నెమ్మదిగా చదివేవాణ్ణి. శ్రుతి కూడా తేడా. కలకత్తాలో 'ఎ' స్వరాన్ని సెకనుకి 440 కంపనాలకి కలిపితే అక్కడ 442, 443. చెవికి అలవాటు పడటానికే నెలలు పట్టింది. నా పరిస్థితి మారింది ఇటలీ స్వరకర్త లూచానో బెరియో రాసిన ఒక రచన వల్ల. 'సెక్వెంజా 12' అని, 1995లో పాస్కల్ గాల్వా అనే ఫ్రెంచి బసూన్ విద్వాంసుడి కోసం రాశాడు. ఒక్కడే కూర్చుని దాదాపు 20 నిమిషాల పాటు, గాలి తెగకుండా, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతూ వాయించాలి. దానికోసం తోటివాళ్ళు గ్లాసులో నీళ్ళు పోసుకుని స్ట్రాతో బుడగలు ఊదుతున్నారు. నాకు నవ్వాగలేదు. ప్రొఫెసర్ గారు నన్ను ఊదమన్నారు. ఊదాను. ఆయన గడియారం చూసుకున్నారు, కాసేపటికి చూడటం మానేశారు. ఎవరు నేర్పారని అడిగితే, మా ఊళ్ళో ఇది మేళంలో అన్నిటికన్నా తక్కువ పని అని చెప్పాను. ఆయనకి అర్థమయ్యేలా చెప్పలేకపోయాను అనుకుంటా, ఎందుకంటే ఆ తర్వాత నన్ను అందరికీ 'భారతదేశపు ప్రాచీన శ్వాసవిద్య తెలిసినవాడు' అని పరిచయం చేసేవారు. నేనూ సరిదిద్దలేదు. పనులు దొరికాయి.

బయట దేశాల్లో వాయించే జీవితం అంటే మనవాళ్ళు వేదికలు, చప్పట్లు, పూలగుత్తులు ఊహించుకుంటారు. ఎక్కువ సమయం హోటలు గది కిటికీ దగ్గర పీకలు గీరుకోవడానికే పోతుంది. బసూన్ పీకకి వాడేది దక్షిణ ఫ్రాన్స్‌లో, వార్ ప్రాంతంలో పెరిగే వెదురులాంటి ఒక గడ్డి. ప్రపంచంలో చాలామంది అక్కడి గడ్డే కొంటారు. దాన్ని చీల్చి, లోపల తొలిచి, ఆకారానికి కోసి, మడిచి, మూడు ఇత్తడి తీగలు బిగించి, దారం చుట్టి, ఆరబెట్టి, అప్పుడు కత్తితో రేకులు గీరడం మొదలు. వెంట్రుకవాసి ఎక్కువ గీరితే పీక పోయినట్టే. పది చేస్తే కచేరీకి పనికొచ్చేవి రెండో మూడో. అవీ రెండు మూడు వారాలే. ఒకసారి ఊరొచ్చినప్పుడు తాత ఋషికుల్య ఒడ్డు నుంచి ఒక కట్ట గడ్డి కోయించి పెట్టాడు, ఫ్రాన్స్‌కి డబ్బులెందుకు పొయ్యాలని. మెత్తగా ఉండి పనికిరాలేదు. ఆ సంగతి తాతకి చెప్పలేదు, బాగుందనే అన్నాను.

ఇక వాతావరణం. చలికాలం జర్మనీలో హీటర్లు పెట్టిన హాలులో పీక ఎండి మూసుకుపోతుంది. గోపాల్‌పూర్ సముద్రగాలి తగిలే మా ఇంట్లో అదే పీక నీళ్ళు తాగి నోరు తెరుస్తుంది, చెక్క అతుకులు ఉబ్బి ముక్కలు విడదీయడానికి ఇద్దరు లాగాలి. ఎత్తైన చోట్లు మరీ ఘోరం. బొగొటా సముద్రమట్టానికి 2,600 మీటర్ల ఎత్తు. పలచటి గాలిలో నా పీకలన్నీ ఒక్కసారిగా మొద్దుబారాయి. మాలాగే రెండు రేకుల పీకతో వాయించే ఒబో వాళ్ళూ మేమూ ఒక గదిలో చేరి రాత్రంతా గీరుతూ కూర్చున్నాం. వయొలిన్ వాళ్ళు ఊరు చూడటానికి వెళ్ళారు. ప్రయాణాల్లో వయొలిన్ వాళ్ళు ఎప్పుడూ ఊరు చూడటానికే వెళ్తారు.

విమానాశ్రయాల సంగతి వేరే చెప్పాలి. విడదీసిన బసూన్‌ని ఎక్స్‌రేలో చూస్తే అధికారులకి గొట్టాలు, తీగలు, మీటలు కనిపిస్తాయి. పెట్టె తెరవమంటారు. బిగించి చూపించమంటారు. కొందరు వాయించమంటారు. పాత జర్మన్ బసూన్లకి చివర ఏనుగుదంతం వలయం ఉంటుంది. నా వాద్యానికీ ఉండేది. 2014లో అమెరికా ఏనుగుదంతం మీద నిబంధనలు బిగించాక, ఎందుకొచ్చిన గొడవని తీయించేసి ప్లాస్టిక్‌ది వేయించాను. మన దేశం నుంచి బయల్దేరేటప్పుడు కస్టమ్స్ వాళ్ళ దగ్గర ఎగుమతి సర్టిఫికెట్ తీసుకుంటే, తిరిగొచ్చేటప్పుడు కొత్తగా కొనితెచ్చావా అనే ప్రశ్న ఉండదు. ఈ చిట్కా వాద్యాలతో తిరిగే కుర్రాళ్ళకి ఇప్పటికీ చెప్తుంటాను.

చిక్కల్లా కత్తితోనే. వాద్యాన్ని చేతిసామానులోనే తీసుకెళ్ళాలి, పీకలు గీరే కత్తిని మాత్రం చేతిసామానులో రానివ్వరు. కాబట్టి వాద్యం నాతో, కత్తి విమానం కడుపులో. చెక్ దేశంలో ఒక పోటీకి వెళ్ళినప్పుడు నేను దిగాను, కత్తి ఉన్న పెట్టె దిగలేదు. రేపంటే రేపన్నారు. మొదటి రౌండు మర్నాడు పొద్దున్న. టెన్షన్‌తో పీకలన్నీ నోట్లో పెట్టి తీస్తుంటే, పక్క గదిలో సాధన చేసుకుంటున్న జపాన్ అమ్మాయి తలుపు కొట్టి తన పనిముట్ల పెట్టె మొత్తం నా ముందు పెట్టింది. కత్తులే నాలుగు. నాతో పోటీకి వచ్చిన మనిషి! నా పీకని తీసుకుని తనే వెలుతురులో చూసి, ఎడమ అంచు దగ్గర వేలు పెట్టి చూపించింది. అక్కడ గీరాను. మొదటి రౌండు దాటాను. రెండో రౌండులో నేను పోయాను, తను ఫైనల్‌కి వెళ్ళింది. నా పెట్టె పోటీ అయిపోయిన రోజు వచ్చింది.

పోటీల్లో అందరూ వాయించేవి అవే రచనలు. వివాల్డి, వేబర్, సాంసాన్స్ 1921లో, చనిపోయిన ఏడాదే, రాసిన సొనాటా. అన్నిటికీ ముందు మొజార్ట్ కన్సెర్టో, అంటే వెనక ఆర్కెస్ట్రా ఉండగా బసూన్ ముందుండి వాయించేది. 1774లో, 18 ఏళ్ళ వయసులో రాశాడు. ఆర్కెస్ట్రా ఉద్యోగాల ఎంపికలోనూ అదే. జర్మనీలో మొదటి వడపోతకి తెర కడతారు. వాయించేది ఎవరో, ఏ దేశమో, ఆడో మగో లోపలివాళ్ళకి కనిపించదు. చీటీలో వచ్చిన నంబరే మన పేరు. ఈ తెర పద్ధతి నాకు బాగా నచ్చేది. బరంపురంలో ఒడియావాళ్ళకి తెలుగోణ్ణి, విశాఖపట్నంలో తెలుగువాళ్ళకి ఒడియావాణ్ణి, యూరప్‌లో అందరికీ ఎక్కడివాడో తెలియనివాణ్ణి. తెర వెనక ఆ ప్రశ్నే లేదు. మూడు నిమిషాలు వాయించనిచ్చి చాలంటారు, వచ్చేస్తాం. ఏ ఆర్కెస్ట్రాలోనూ నాకు పర్మినెంటు ఉద్యోగం రాలేదు. ఎవరికైనా జ్వరమొస్తేనో, కాన్పు సెలవు పెడితేనో నాకు ఫోన్ వచ్చేది. అలా ఒక సీజనులో ఎన్ని ఊళ్ళో. సంచిలో నల్లకోటు, పీకల డబ్బా, అమ్మ కట్టిన బరంపురం అప్పడాలు. ఆవకాయ మాత్రం కచేరీ ముందు ముట్టుకునేవాణ్ణి కాదు. పళ్ళు తోముకున్నా పీకకి వాసన పడుతుంది, రంగు కూడా.

చిన్నపిల్లల కచేరీలంటే మాత్రం డబ్బు తక్కువైనా ఒప్పుకునేవాణ్ణి. ప్రొకోఫియెవ్ 1936లో రాసిన 'పీటర్ అండ్ ద వుల్ఫ్'లో ప్రతి పాత్రకీ ఒక వాద్యం. పిట్టకి ఫ్లూటు, బాతుకి ఒబో, పిల్లికి క్లారినెట్. విసుక్కునే తాతకి బసూన్. నేను ఆ తాతని మా తాత నడకలో వాయించేవాణ్ణి, ఎడమకాలు కొంచెం ఈడుస్తూ. కండక్టర్లు పెద్దగా అభ్యంతరం చెప్పలేదు. పిల్లలు నవ్వేవారు.

2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గాలి గంటకి 200 కిలోమీటర్లకు పైన. లక్షల మందిని ముందే షెల్టర్లకి తరలించారు. అక్కడ రాత్రి తొమ్మిదయ్యేసరికి జర్మనీలో సాయంత్రం ఐదున్నర. రాత్రికి నాకు కచేరీ. ఇంటికి ఫోన్ కలవడం లేదు. ఇచ్ఛాపురం తమ్ముడికీ కలవలేదు. ఆ రోజు చైకోవ్‌స్కీ ఆరో సింఫనీ. మొదలే బసూన్. అడుగున డబుల్ బేస్‌ల మీద, అతి నెమ్మదిగా, లోతైన స్వరాల్లో, హాలంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఒక్క బసూన్. చేతులు వణికితే దాచుకోవడానికి పక్కన ఎవరూ లేరు. ఎలా వాయించానో నాకే తెలియదు. పక్కసీటు ఆయన మోకాలు మీద చిన్నగా తట్టాడు, అక్కడ అదే మెచ్చుకోలు. అన్నట్టు ఇదే సింఫనీలో ఇంకొంచెం ముందుకెళ్ళాక, చైకోవ్‌స్కీ బసూన్‌కి ఆరు 'పి'లు రాసిన చోటొకటి ఉంది, అంటే వినీ వినపడనంత మెల్లగా అని. బసూన్ అంత మెల్లగా పలకదని చాలాచోట్ల ఆ నాలుగు స్వరాలూ మా దగ్గర లాక్కుని బేస్ క్లారినెట్‌కి ఇచ్చేస్తారు. మా బసూన్ వాళ్ళందరికీ ఇదొక కడుపుమంట.

మూడోరోజుకి చిన్నాన్న గొంతు వినపడింది. పెరట్లో కొబ్బరిచెట్లు రెండూ పడ్డాయి, పెంకులు లేచిపోయాయి, మనుషులు బాగున్నారు, కరెంటు లేదు. తాత అప్పటికి లేడు. ఆయన సన్నాయిని మౌసా ముందురోజే వచ్చి ప్లాస్టిక్ సంచిలో చుట్టి బియ్యం డ్రమ్ములో పెట్టించాడట.

ఇప్పుడు బరంపురంలోనే ఉంటున్నాను. పెళ్ళిళ్ళలో ఒత్తు పట్టే పిల్లలు కనిపించడం లేదు, దాని బదులు కరెంటు శ్రుతిపెట్టె వచ్చేసింది. దానికి ఊపిరితో పనిలేదు, అరటిపళ్ళ ఖర్చూ లేదు. సాయంత్రాలు గేట్ బజార్ దగ్గర నాన్న కాలపు బ్యాండువాళ్ళు, మేళం వాళ్ళు కొందరు చేరతారు. నేను చూసిన హాళ్ళ గురించి, కండక్టర్ల గురించి వాళ్ళెప్పుడూ అడగలేదు. వాళ్ళకి కావాల్సిన సంగతులు వేరు.

"రిహార్సల్‌కి డబ్బులిస్తారేటి?" అన్నాడు యుఫోనియం వాయించే పెద్దాయన.

ఇస్తారన్నాను. నమ్మలేదు.

"బండి ఛార్జీలో?"

"అవీ ఇస్తారు బాబాయ్."

"భోజనం?"

"భోజనం పెట్టరు. భోజనానికి డబ్బులిస్తారు."

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెళ్ళింటికి పిలిచి భోజనం పెట్టకుండా డబ్బులు చేతిలో పెట్టడమేమిటని వాళ్ళకి బొత్తిగా నచ్చలేదు. మాట మారుద్దామని కాంట్రాబసూన్ గురించి చెప్పాను. బసూన్‌కి రెట్టింపు పొడవు గొట్టం, ఇంకా లోతైన గొంతు, మామూలు బసూన్‌తో పాటు అదీ వాయిస్తే చాలా ఆర్కెస్ట్రాల్లో అదనంగా ఇస్తారు అని.

"దాంట్లో కష్టమేటి?"

"పెద్దగా ఏం లేదు. ఎక్కువసేపు ఊరికే కూర్చోవడమే. పాటలో రెండు మూడు చోట్ల వస్తుంది."

పెద్దాయన చుట్ట తీసి నా వైపు చూశాడు. "ఊరికే కూకుంటే ఎక్కువ డబ్బులిస్తుంటే, మరి ఇన్నేళ్ళూ మామూలుది ఎందుకు వాయించినావురా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. టీ డబ్బులు ఆ పూట నన్నే ఇమ్మన్నారు.